తోడు కుర్చీ

మా ఆయన నోటికి భయపడని మనిషి ఈ ఊళ్లో నేనొక్కదాన్నే. మిగతావాళ్లు ఆదివారం పేపరు కాస్త గుండె చిక్కబట్టుకునే తెరుస్తారు, ముఖ్యంగా నగరపాలక సంస్థలో పనిచేసేవాళ్లు. ఆ రోజు లోపలి పేజీలో ఎడమ పక్కన ఆయన శీర్షిక వస్తుంది. వీధి దీపం వెలగకపోతే ఆయనకి కోపం, పట్టపగలు వెలిగితే ఇంకా కోపం. రోడ్డు మీద గుంత కనబడితే ఆగి, చుట్టూ తిరిగి, గొడుగు దింపి లోతు చూస్తే గానీ అడుగు ముందుకు పడదు. అందుకే ఊరంతా ఆయన్ని గుంతల మాస్టారు అంటుంది. ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పేవారు కాబట్టి మాస్టారు, గుంతలు మాత్రం సొంత సంపాదన.

మేముండేది మేడ మీద. కింద నా కుట్టుపని దుకాణం. ఆయన రాసిందల్లా అచ్చుకి పంపేముందు నా మిషను పక్కన నిలబడి పైకి చదువుతారు. నేను కుడుతూనే వింటాను, ఎక్కువైన చోట "కత్తిరించండి" అంటాను. ఆయన కాసేపు గింజుకుంటారు, తర్వాత కత్తిరిస్తారు. కమిషనర్ల తెలివితేటల మీద ఆయన రాసిన ఎన్ని ముక్కలు నా కాళ్ల దగ్గర గుడ్డపేలికల్లో కలిసిపోయాయో ఆ కమిషనర్లకి తెలిస్తే నాకు శాలువా కప్పేవాళ్లు.

ఆయనకి రెండు పట్టింపులు. అచ్చయిన మాటని వెనక్కి తీసుకోరు. ఇన్నేళ్లలో ఆయన శీర్షిక కింద సవరణ అన్నది ఒక్కటీ పడలేదు, అది ఆయన గర్వం. రెండోది, నగరపాలక సంస్థ గడప లోపల ఎవరి కోసమూ కుర్చీలోంచి లేవరు. సమావేశానికి కమిషనరు వస్తే హాలు హాలంతా లేచి నిలబడుతుంది. ఈయన మాత్రం కాలు మీద కాలేసుకుని పేపరు తిరగేస్తూ ఉంటారు. "పన్ను కట్టేవాణ్ణి నేను, జీతం తీసుకునేవాడు ఆయన. ఎవరు ఎవరికి లేవాలోయ్?" అని అడుగుతారు. కమిషనర్లు ఎందరో మారారు, ఈయన లేచింది లేదు. మోకాళ్ల నొప్పులు వచ్చాక నాకు కొంచెం ఊరట కలిగింది, ఎవరైనా నిలదీస్తే మోకాళ్ల మీదికి నెట్టెయ్యొచ్చని.

ఇలాంటి మనిషి ఒక ఆదివారం నగరపాలక సంస్థ ఉద్యోగుల్ని మనసారా మెచ్చుకుంటూ రాశారు. గొడవంతా అక్కడే మొదలైంది.

మా వీధి చుట్టుపక్కలన్నిటికంటే పల్లంలో ఉంటుంది. ఎగువ నుంచి వచ్చే వాననీళ్లు మా గుమ్మాల ముందు నుంచి పారి, వీధి చివర ఖాళీ స్థలం మీదుగా పెద్ద కాలవలో కలిసేవి. ఆ ఖాళీ స్థలంలో నగరపాలక సంస్థ తన లారీల కోసం షెడ్డు వేసి, చుట్టూ ప్రహరీ గోడ కట్టింది. గోడ నున్నగా, రంగేసుకుని, చూడముచ్చటగానే ఉంది. నీళ్లు ఎటు పోవాలన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు. కాలవల విభాగం వాళ్లు మొత్తుకున్నారట గానీ, సొంత సంస్థలో సొంతవాళ్ల మాట వినేదెవరు?

ఈ ఏడు మొదటి పెద్దవాన పొద్దున్నే పట్టుకుంది. మేం కాఫీ తాగేలోపే నా దుకాణంలోకి నీళ్లొచ్చాయి. కుట్టడానికొచ్చిన యూనిఫాం గుడ్డలన్నీ చంకన పెట్టుకుని మేడెక్కి చూద్దును కదా, వీధి వీధంతా చెరువైపోయింది. గోడకి ఆనుకుని ఉన్న ఇంట్లో చంటిపిల్లల్ని చూసుకునే కేంద్రం ఉంది, తల్లులు పనికి వెళ్తూ పిల్లల్ని దింపిపోయే చోటు. అక్కడి ఆయాలు పిల్లల్ని బల్లల మీదికి, బీరువాల మీదికి ఎక్కిస్తున్నారు. కిటికీలోంచి ఏడుపులు మా దాకా వినబడుతున్నాయి. మా ఆయన ఫోను మీద ఫోను చేస్తున్నారు. అవతల ఎత్తినవాళ్లంతా పైవాళ్లకి చెబుతామన్నారు. ఎంత పైకి వెళ్లినా ఇంకా పైన ఎవరో ఒకరు ఉన్నారు.

అప్పుడొచ్చింది కాలవల మేడమ్ జీపు. ఆవిడ కాలవల విభాగానికి ఇన్‌స్పెక్టరు. మనిషి పొట్టి, గొంతు పొడుగు. గంబూట్లతో నీళ్లలోకి దిగింది, రెండడుగులు వేసేసరికి బూట్లు నిండిపోయాయి, అయినా ఆగలేదు. గోడ దగ్గరికెళ్లి ఫోనులో ఎవరితోనో అరుస్తోంది. "ఆర్డరొచ్చేసరికి ఈ పిల్లలు ఈత నేర్చేసుకుంటారు సార్!" అన్న మాట మేడ మీదికి ఖణీమని వినిపించింది. ఫోను తీసి జేబులో కుక్కుకుంది. వెనక నిలబడ్డ మేస్త్రీ చేతిలోంచి గడ్డపార లాక్కుంది. గోడని ఒక్క పోటు పొడిచింది. మేస్త్రీ కాసేపు నోరెళ్లబెట్టి, తర్వాత తనవాళ్లని కేకేశాడు.

గోడ పడ్డప్పుడు వచ్చిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నీళ్లు ఒక్కసారిగా అటు తిరిగాయి. మధ్యాహ్నం అయ్యేసరికి పిల్లల కేంద్రంలో నేల కనబడింది. కాలవల మేడమ్ మా మెట్ల మీద కూర్చుని, బూట్లు విప్పి బోర్లించి, నేనిచ్చిన కాఫీ తాగుతూ మేస్త్రీని ఎందుకో తిడుతోంది. మా ఆయన ఆవిడ్ని చూసిన చూపు నాకు తెలుసు. పెళ్లయిన కొత్తలో నేను మొదటిసారి ఆయన చొక్కా కుట్టినప్పుడు అలా చూశారు.

ఆ వారమే ఎడిటరు ఫోను చేశాడు. నగర ఉద్యోగుల వారోత్సవమట, ఒక్కసారి నోరు తీపి చేసుకుని రాయవయ్యా అన్నాడు. అడగాలా? ఈయన అప్పటికే ఉబ్బి ఉన్నారు. గాలివానలో స్తంభాలెక్కే దీపాలవాళ్ల గురించి రాశారు, మనం ముక్కు మూసుకునే చోట తలదూర్చి పనిచేసేవాళ్ల గురించి రాశారు, పన్ను కౌంటర్లో రోజంతా తిట్లు తింటూ నవ్వే అమ్మాయి గురించి రాశారు. చివర్లో కాలవల మేడమ్. నేను "వీరవనిత" కొట్టేయించాను. "ఉక్కుమనిషి" కొట్టేయించాను. "ఉత్తర్వు కోసం కాచుక్కూర్చోకుండా, మేస్త్రీ చేతిలోంచి గడ్డపార లాక్కుని మొదటి దెబ్బ తనే వేసింది" అన్న వాక్యం దగ్గర మిషను ఆపి, "ఇది బాగుందండీ, దీన్ని కదపకండి" అన్నాను.

సోమవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని నగరపాలక సంస్థకి బయల్దేరారు. పైకి గుంతల సంగతి అడగడానికని చెప్పారు గానీ, నాలుగు పొగడ్తలు ఏరుకురావడానికే. వెళ్లినంత వేగంగా తిరిగొచ్చారు. మొహంలో కత్తి వాటుకి నెత్తురు చుక్క లేదు.

"టీ ఇవ్వలేదే," అన్నారు కుర్చీలో కూలబడి.

ఆ ఆఫీసు వాళ్లు ఈయన ఎంత తిట్టినా టీ ఇవ్వడం మానలేదు. చక్కెర ఎక్కువ వేసి మరీ ఇస్తారు, తీపి తింటే తిట్లు తగ్గుతాయేమోనన్న ఆశ. అలాంటిది ఆ రోజు వరండాలో ఎదురొచ్చినవాళ్లంతా పెడమొహం పెట్టారట. చివరికి ముసలి అటెండరు పక్కకి పిలిచాడట. "ఇన్నేళ్లూ తిట్టారు మాస్టారూ, హాయిగా బతికాం. ఒక్కసారి మెచ్చుకున్నారు, కొంప ముంచారు."

విషయం ఏమిటంటే, కాలవల విభాగంలో తరతరాలుగా ఒక ఏర్పాటుంది. వానల్లో పని తొందర. తాళం పగలగొట్టాల్సి వస్తుంది, ఎవరిదో గేటు ఊడబీకాల్సి వస్తుంది, మెట్లు కొట్టెయ్యాల్సి వస్తుంది. అన్నిటికీ ఉత్తర్వులంటే కుదరదు. అందుకని కొట్టాల్సింది కొట్టేసి, నెపం వాన మీద పెట్టేస్తారు. వానకి కొట్టుకుపోయింది, వానకి కూలింది, అంతే. పైవాళ్లకీ తెలుసు, ఎవరూ అడగరు. వానని పిలిచి సంజాయిషీ అడిగేవాడు లేడు కదా. మా వీధి గోడ కూడా వానకే కూలిందని అప్పటికే అందరూ సర్దుకున్నారు. ఈయన గడ్డపారతో సహా అచ్చు వేయించారు.

షెడ్డు కట్టించిన విభాగం వాళ్లు ఆ పేపరు ముక్క పట్టుకుని పొద్దున్నే పైకి వెళ్లారు. సంస్థ ఆస్తిని ఉత్తర్వు లేకుండా ధ్వంసం చేసిందని కాలవల మేడమ్ మీద విచారణ వేశారు. నేరం రుజువైతే ఆవిడ్ని కాలవల్లోంచి తీసేసి, కాగితాలూ పెన్సిళ్లూ పంచే స్టోర్సులో కూర్చోబెడతారు. చేరింది మొదలు కాలవల్లోనే పనిచేసిన మనిషి. వాన మబ్బు చూస్తే జీపు ఎక్కే మనిషి. సాక్షి ఎవరయ్యా అంటే, మా ఆయనే.

ఆ రోజంతా ఆయన అన్నం ముందు కూర్చుని లేచారు. సాయంత్రం నా దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"సవరణ రాస్తాను," అన్నారు. "మేడ మీంచి సరిగ్గా కనబడలేదు, గోడ దానంతటదే పడిందని రాస్తాను."

నేను మిషను ఆపేశాను. ఆ మాట ఆయన నోటివెంట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. జాలేసింది. దాంతోపాటు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అబద్ధం రాస్తారా? మీరు?"

"ఆవిడ ఉద్యోగం పోతుందే!"

"పోదు, స్టోర్సుకి వెళ్తుంది."

"ఆవిడకి రెండూ ఒకటే," అన్నారు.

మర్నాడు దుకాణం తీసేసరికి కాలవల మేడమే గుమ్మంలో ఉంది. చేతిలో రెయిన్‌కోటు. భుజం దగ్గర పొడుగ్గా చిరిగింది, గడ్డపార ఎత్తినప్పుడే అయ్యుంటుంది.

"అక్కా, దీన్ని కాస్త బతికించు," అంటూ బల్ల మీద పడేసి, మెట్లు దిగుతున్న మా ఆయన్ని చూసింది. "రండి మాస్టారూ, రండి. మీరు తిట్టడానికి పుట్టిన మనిషి. మీ పని మీరు చక్కగా చేసుకోక, మా మీద ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చిందండీ మీకు?"

ఈయన నీళ్లు నమిలారు. ఈయన్ని అలా చూడటం నాకు ముచ్చటగానే ఉందని ఒప్పుకోవాలి. మెల్లగా సవరణ సంగతి చెప్పారు.

"వద్దు!" అందావిడ. "మా అమ్మ ఆ వాక్యం నా చేత ఎన్నిసార్లు చదివించుకుందో తెలుసా? మొదటి దెబ్బ మా అమ్మాయే వేసిందని వీధంతా చెప్పుకు తిరుగుతోంది. ఇప్పుడు మీరు అది అబద్ధమంటే మా ఇంట్లో నాకు అన్నం పుట్టదు."

"మరెలాగమ్మా?"

"విచారణకి పిలిచినవాళ్ల పక్కన ఓ కుర్చీ వేస్తారు, తోడు కుర్చీ అంటాం. నమ్మకమున్న మనిషిని ఒకర్ని తెచ్చుకుని అందులో కూర్చోబెట్టుకోవచ్చు. తోడొచ్చినవాళ్లు నోరు మెదపకూడదు. వాళ్లని సాక్ష్యం అడగనూ కూడదు." ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. "మీరు నా తోడు కుర్చీలో కూర్చోండి. ఇక సాక్షెక్కడ? నేను కొట్టాననీ అనను, కొట్టలేదనీ అనను. సాక్షి లేని కాగితం దానంతటదే చల్లారిపోతుంది. మీరూ అబద్ధమాడక్కర్లేదు."

"అందరూ యూనియన్ సెక్రటరీని తెచ్చుకుంటారుగా?" అన్నాన్నేను.

"ఆయన కూర్చుంటే మావాళ్లకి మావాడు కూర్చున్నట్టక్కా. ఇన్నేళ్లు మమ్మల్ని ఏకిపారేసిన మనిషి నా పక్కన కూర్చుంటే, ఆ లెక్కే వేరు."

నాకు నవ్వాగలేదు. "మేడమ్, అన్నీ బాగున్నాయి గానీ, నోరు మెదపకుండా కూర్చోవాల్సింది ఎవరో ఒకసారి చూసుకున్నారా?"

ఆవిడ మా ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. మొదటిసారి ఆవిడ మొహంలో అనుమానం కనబడింది.

ఆ రోజు నుంచి విచారణ దాకా ఆయన ఇంట్లో మౌనం సాధన చేశారు. అంత ప్రశాంతత మా ఇంటికి కొత్త. కూరలో ఉప్పు లేకపోతే వేలితో చూపించేవారు. వీధి కుళాయి కారుతుంటే కిటికీలోంచి చూసి, పళ్లు నూరుకుని, లోపలికొచ్చేవారు. నేను రెయిన్‌కోటు భుజానికి లోపలివైపు ఇంకో గుడ్డ వేసి రెండు వరసలు కుట్టాను, ఈసారి గడ్డపార ఎన్నిసార్లెత్తినా చిరగకుండా. ఆవిడ మళ్లీ గడ్డపార ఎత్తుతుందన్న నమ్మకంతోనే కుట్టాను.

విచారణ రోజు నేనూ వెళ్లాను, ఆయన నోటికి కాపలాగా. లోపలికి రానివ్వరు గానీ, గదిలో ఫ్యాను చెడిపోయి తలుపు బార్లా తెరిచి పెట్టారు. ఎదురుగా వరండా బల్ల మీద కూర్చున్నాను. నేనొక్కదాన్నే కాదు, ఏదో ఒక పని నెపంతో సగం ఆఫీసు అక్కడే తచ్చాడుతోంది. పన్ను కౌంటరు అమ్మాయి ఖాళీ ఫైలు పట్టుకుని అటూ ఇటూ నడుస్తోంది. మేస్త్రీ, అతని మనుషులు గంబూట్లతోనే వచ్చి గోడవార నిలబడ్డారు.

గదిలో పొడుగు బల్లకి అవతల డిప్యూటీ కమిషనరు, పక్కన టైపు చేసే ఆయన. ఇవతల కాలవల మేడమ్, ఆవిడ పక్కన తోడు కుర్చీలో గుంతల మాస్టారు. డిప్యూటీ కమిషనరు లోపలికొచ్చినప్పుడు ఆవిడ లేచింది. ఈయన మామూలుగానే లేవలేదు. ఆ పెద్దమనిషికి అలవాటే కాబట్టి ఏమీ అనుకోలేదు. ఆయన కూడా ఒకప్పుడు కాలవల్లో దిగి పనిచేసిన ఇంజనీరేనట, తర్వాత పైకెక్కాడు.

ఆరోపణ చదివాడు. చదివి, కళ్లజోడు మీంచి మా ఆయన్ని చూశాడు. "మాస్టారూ, మీ వ్యాసం ప్రకారం మొదటి దెబ్బ..."

ఈయన నోరు తెరిచారు. కాలవల మేడమ్ టక్కున అందుకుంది.

"తోడొచ్చినవాళ్లని అడగకూడదు సార్. మన రూలే."

ఈయన నోరు మూసుకున్నారు. చేతులతో మోకాళ్లని గట్టిగా పట్టుకున్నారు. చెవులు ఎర్రబడ్డాయి.

డిప్యూటీ కమిషనరు కుర్చీలో వెనక్కి వాలాడు. చిన్నగా నవ్వినట్టే అనిపించింది నాకు. ఆయనకీ ఈ గొడవ ఇక్కడితో వదిలిపోతే చాలన్నట్టుంది. "సరే. పేపర్లో రాసింది సాక్ష్యం కాదు. చూసినవాళ్లు ఇంకెవరూ ముందుకు రాలేదు. గోడ వానకి కూలిందని రాసేస్తాను. చదువుకుని సంతకం పెట్టి వెళ్లండి."

వరండాలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మేస్త్రీ నాకేసి చూసి కన్ను గీటాడు. టైపు చప్పుడు ఆగింది. కాగితం ఆవిడ ముందుకొచ్చింది. ఆవిడ పెన్ను మూత తీసింది.

"ఇంకేం ఇబ్బంది లేదు," అన్నాడు డిప్యూటీ కమిషనరు, ఆవిడకి ధైర్యం చెబుతున్నట్టు. "కాంట్రాక్టరు కూడా సిద్ధంగా ఉన్నాడు. వచ్చే వారమే అదే పునాది మీద గోడ మళ్లీ లేపేస్తాడు."

పెన్ను కాగితం మీద ఆగిపోయింది.

అదే పునాది. అదే గోడ. నా కళ్ల ముందు ఆ బల్లలూ, ఆ బీరువాలూ, వాటి మీద పిల్లలూ కనబడ్డారు. మా ఆయన్ని చూశాను. ఆయన మెడ నరాలు ఉబ్బుతున్నాయి. ఇంకొక్క క్షణం ఆగితే ఆ నోరు తెరుచుకుంటుంది, రూలు తప్పుతుంది, ఆవిడ కథ ముగుస్తుంది. అయినా ఆయన తల తిప్పి ఆవిడకేసి చూశారే తప్ప పెదవి కదపలేదు. ఆవిడ సంతకం పెడితే చాలు, కాలవలు ఆవిడవే, జీపు ఆవిడదే. తప్పుపట్టేవాళ్లు కూడా ఎవరూ లేరు. నేను మాత్రం పట్టగలనా?

కాలవల మేడమ్ పెన్ను మూత పెట్టేసింది.

"ఇది తప్పు సార్," అంది. "వాన కూల్చలేదు. నేనే కొట్టాను."

"ఏమన్నారు?"

"గడ్డపార పెట్టి నేనే కొట్టాను. మొదటి దెబ్బ నాదే. మావాళ్లు నేను చెబితేనే చేశారు, వాళ్ల జోలికి రాకండి. వానకి కూలిందని రాస్తే, మీరు అక్కడే మళ్లీ కట్టేస్తారు. నేను కొట్టానని రాస్తే, ఎందుకు కొట్టానో కూడా రాయాలి కదా సార్. అది రాయండి. రాశాక నన్ను ఎక్కడ కూర్చోబెడతారో మీ ఇష్టం."

ఆవిడ గొంతు ఎప్పటిలాగే పొడుగ్గా ఉంది. వరండా చివరిదాకా వినబడింది. ఎవరూ కదల్లేదు.

అప్పుడు తోడు కుర్చీ కిర్రుమంది.

మా ఆయన రెండు చేతులూ బల్ల అంచు మీద ఆనించారు. మోకాళ్లు సహకరించలేదు, ఒకసారి వెనక్కి పడ్డారు. మళ్లీ ఆనుకుని, మెల్లగా, పూర్తిగా లేచి నిలబడ్డారు. డిప్యూటీ కమిషనరు వైపు కాదు, ఆవిడ వైపు తిరిగి. మాట లేదు. చేతులు పక్కన పెట్టుకుని, బళ్లో పిల్లాడిలా నిటారుగా నిలబడ్డారు.

ఆ గడప లోపల ఆయన ఒకరి కోసం లేవడం ఎవరూ చూసి ఎరగరు. వరండాలో అటెండరు తన స్టూలు మీంచి లేచాడు. టైపు చేసే ఆయన వేళ్లు గాలిలోనే ఉండిపోయాయి. కాలవల మేడమ్ తలెత్తి ఈయన్ని చూసింది. అన్నిటికీ గడగడా జవాబు చెప్పే మనిషి, చటుక్కున తల దించుకుని పెన్ను మూత తిప్పుతూ ఉండిపోయింది.

"కూర్చోండి మాస్టారూ," అన్నాడు డిప్యూటీ కమిషనరు.

ఈయన కూర్చోలేదు.

"మాస్టారూ, మీరు ఇలా..."

"నోరు మెదపలేదు కదండీ ఆయన!" అన్నాను నేను గుమ్మంలోంచి. ఎప్పుడు లేచి అక్కడిదాకా వెళ్లానో నాకే తెలియదు. "నిలబడకూడదని మీ రూల్లో ఉందా?"

డిప్యూటీ కమిషనరు నన్ను చూశాడు, నా వెనక వరండాలో నిలబడ్డవాళ్లని చూశాడు, గోడవార గంబూట్లని చూశాడు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి కళ్లు నలుపుకున్నాడు. ఆయన కాలవల రోజుల్లో వాన మీద ఎన్ని నెపాలు పెట్టాడో ఆయనకే ఎరుక.

"కొత్త కాగితం పెట్టవయ్యా," అన్నాడు టైపు ఆయనతో. తర్వాత ఆవిడ వైపు తిరిగాడు. "చెప్పండి. ఎందుకు కొట్టారు?"

ఆవిడ చెప్పింది. నీళ్లు ఎటునుంచి వస్తాయో, ఎటు పోవాలో, గోడ ఎక్కడ అడ్డుపడిందో, పిల్లలు ఎక్కడున్నారో, ఎవరెవరికి ఫోను చేసిందో, ఎవరేమన్నారో అన్నీ. టైపు ఆయన ఒక్క ముక్క వదలకుండా కొట్టాడు. మా ఆయన అంతసేపూ నిలబడే ఉన్నారు. ఆయన మోకాళ్లు వణకడం నాకు గుమ్మంలోంచి కనబడుతోంది. పోనీ కూర్చోండని సైగ చేశాను, చూడనట్టు నటించారు.

చివరికి డిప్యూటీ కమిషనరు నిర్ణయం చెప్పాడు. ఉత్తర్వు లేకుండా గోడ పగలగొట్టినందుకు మందలింపు. గోడ పని వెంటనే ఆపాలి, నీళ్లకి దారి వదిలి ప్లాను మళ్లీ గీయించాలి. "ఆ గీసేది కాలవల విభాగం చూస్తే తప్ప నేను సంతకం పెట్టను," అని ఆవిడకేసి చూశాడు. "కాబట్టి మీరు స్టోర్సులో కూర్చోవడానికి వీల్లేదు. వెళ్లి పని చూసుకోండి. ఇంకోసారి మాత్రం నేరుగా నాకే ఫోను చెయ్యండి, ఎత్తేదాకా చెయ్యండి."

"మీరు ఎత్తేదాకా చేస్తాను సార్," అందావిడ. అప్పటికి గొంతు మళ్లీ వచ్చేసింది.

బయటికి రాగానే మేస్త్రీ మనుషులు ఆవిడ్ని చుట్టుముట్టారు. పన్ను కౌంటరు అమ్మాయి ఖాళీ ఫైలు నా చేతిలో పెట్టేసి చప్పట్లు కొట్టింది. మా ఆయన గోడ పట్టుకుని నడుస్తూ వచ్చారు. ఆవిడ గుంపులోంచి తప్పించుకుని ఎదురొచ్చి నిలబడింది. మాటలతో బతికే మనిషికీ గొంతుతో బతికే మనిషికీ ఒక్క ముక్క దొరకలేదు.

"ఇప్పుడు మాట్లాడొచ్చు మాస్టారూ," అంది ఆవిడ చివరికి.

"మోకాళ్లు పోయాయమ్మా," అన్నారాయన. "ఎక్కడైనా కూర్చోబెట్టు."

అటెండరు పరుగున వెళ్లి తన స్టూలు తెచ్చి వేశాడు. వెనకే టీ వచ్చింది. ఒక్క గుక్క తాగి ఆయన మొహం చిట్లించారు. చక్కెర ఎప్పటికంటే ఎక్కువ వేశాడట.

నేను సంచిలోంచి రెయిన్‌కోటు తీసి ఆవిడకిచ్చాను. కుట్టు మీద వేలితో రాసి చూసుకుంది. భుజాన వేసుకుంటూ అడిగింది, "ఈ వారం ఏం రాస్తారు మాస్టారూ?"

"మీ విభాగం మా వీధి మొదట్లో కాలవ మూత తీసి మళ్లీ వెయ్యలేదు," అన్నారాయన. "దాని గురించే. గట్టిగా రాస్తాను."

"రాయండి, రాయండి," అని నవ్వుతూ జీపెక్కింది.

ఇంటికి నడుస్తుంటే ఆయన నా భుజం మీద బరువంతా వేశారు. దారిలో ఒక గుంత వచ్చింది. ఆగలేదు, గొడుగు దింపలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన మాటలకి నేను చాలాసార్లు నవ్వాను, కొన్నిసార్లు మురిశాను కూడా. మాటల్లేకుండా నిలబడ్డ ఆయన్ని చూసి ఏడుపొచ్చింది మాత్రం ఆ ఒక్కరోజే. ఆయనకి చెప్పలేదు, చెబితే రాసేస్తారు.